పద్నాలుగో పేజీ, మూడో వరుస

బ్రాడీపేట నాలుగో లైన్లో జిరాక్సు కొట్టు మీద నా గది.
పేజీకి నూట ఇరవై.
తెలుగు వాంగ్మూలాన్ని ఇంగ్లీషు చేసి కోర్టుకిస్తాను,
ఎవరి ఏడుపైనా డబుల్ స్పేసులోనే.

ఆ మే నెలలో వచ్చిన కట్ట
రెండొందల ఆరు పేజీలు.
రైతుకని మంజూరైన మద్దతు ధర
యార్డు గేటు దాటి హైదరాబాదు,
అక్కణ్ణుంచి దుబాయి,
దుబాయి నుంచి రీగా.

రీగా ఎక్కడని
మా పిల్లాడి అట్లాసు తీశాను.
సముద్రం ఒడ్డున
చలికి ముడుచుకున్న చుక్క.
మన మిర్చి డబ్బు
ఆ మంచులో ఏం చేస్తోందో!

పద్నాలుగో పేజీ బత్తుల ఏసోబుది.
ఫిరంగిపురం. కౌలు మూడెకరాలు.
"గ్రేడు రాసేవాడి చెయ్యి తడిపాను సార్.
అయినా నా కాయే తడిగా ఉందన్నాడు.
క్వింటాకి ఆరు కిలోలు తరుగు కోశాడు.
నా పేరు మీదే ఇంకో నలభై టిక్కీలు
నేనమ్మినట్టు రాసుకున్నాడంట.
ఆ నలభై నేను కళ్లజూడలేదు సార్."

ఉన్నది ఉన్నట్టు దించాలి, అదీ నా పని.
చెయ్యి తడిపాను.
అక్షరం పొల్లుపోకుండా
తడిపేశాను ఇంగ్లీషులో కూడా.

కట్టకి సీలు పడింది.
గుంటూరు నుంచి ఢిల్లీ,
ఒక శాఖ నుంచి ఇంకో శాఖ,
ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి
(బల్ల కిందికి కాదనే నా ఆశ).
పదకొండు నెలలు.
దొంగ సొమ్ము మాత్రం ఒక్క మధ్యాహ్నంలో వెళ్లిందట.

జవాబు వచ్చింది. అక్కడి ప్రాసిక్యూటరు,
ఇల్జే అట ఆమె పేరు.
మొదటి ప్రశ్నే నాకు:
"పద్నాలుగో పేజీ, మూడో వరుస.
చెయ్యి దేనితో తడిపారు? నీళ్లతోనా?
అది మీ దగ్గర ఏదైనా ఆచారమా?"

ఎంతసేపు నవ్వానో.
తర్వాత నవ్వు ఎక్కడో ఇరుక్కుంది.
ఆచారమే కదమ్మా, అని రాయబోయి
కొట్టేశాను.
"నీళ్లతో కాదు, నోట్లతో.
మా ఊళ్లో లంచం తడిగా ఉంటుంది," అని రాసి పంపాను.

ఈసారి నెలలోపే వచ్చింది కాగితం.
"అర్థమైంది.
మా భాషలో లంచానికీ రొట్టెకీ ఒకటే మాట."
కింద, చిన్న అక్షరాల్లో:
"మీ కట్ట విప్పగానే మా గుమస్తా
రెండుసార్లు తుమ్మింది. కాగితాల్లో ఏముంది?"

ఏముంటుంది,
యార్డు చీటీల మడతల్లో మిగిలిన ఎర్ర పొడి.
ఒక్క తుమ్మయితే ఆగాలి గానీ
రెండయితే పనవుతుందనేది మా అమ్మ.
ఆ మాట నేను అనువదించలేదు,
పేజీకి నూట ఇరవైలో అది లేదు.

ఆ కట్టలోనే ఖాతా లెక్కలొచ్చాయి,
పేర్లు, తేదీలు,
ఏసోబు నలభై టిక్కీలు
ఏ పడవ కొన్నాయో కూడా.

పోయిన మంగళవారం కోర్టు వరండాలో
ఏసోబుకి తెలుగులో చదివి వినిపించాను.
తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ వేసుకున్నాడు.
"ఎవరో ఏమో, మనకోసం ఇన్ని లెక్కలు తీసిందా ఆవిడ?"
"వాళ్ల ఊళ్లోనూ రొట్టె తినేవాళ్లున్నారట," అన్నాను.
"మరి డబ్బో?"
"ఖాతా గడ్డకట్టించారు. తీర్పొచ్చేదాకా
ఎవరూ తియ్యలేరు, ఎవరూ వెయ్యలేరు."

కాసేపు ఎండలోకి చూశాడు.
నలభై రెండు డిగ్రీలు, రోడ్డు మీద టిక్కీల లారీ,
గాలి ఘాటుగా.

"అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టారన్నమాట,"
అన్నాడు ఏసోబు.
"మరి అద్దె
ఎవరు కడతారు మస్తాన్‌బీ గారూ?"